‘క్యానీ’ అంటే లౌక్యమా, ముందుచూపా?

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో సి, ఏ, రెండు ఎన్‌లు, వై కలిపి రాసే ‘క్యానీ’ అన్న విశేషణానికి తెలుగులో ఏ ఒక్క మాటా పూర్తిగా సరిపోదు. తెలివి, జాగ్రత్త ఒకే పనిలో కలిసి కనిపించినప్పుడు వాడే మాట అది. స్కాట్లాండ్ జనం నోట పెరిగి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దాని తోబుట్టువు ‘కన్నింగ్’ చెడ్డపేరు తెచ్చుకుంటే ఇది మంచిపేరు నిలుపుకుంది. ‘అన్‌క్యానీ’ దీని వ్యతిరేకపదంలా కనిపిస్తుంది గానీ ఇప్పటి వాడుకలో దాని దారి వేరు.

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థి నోట్‌బుక్ తెరిస్తే ష్రూడ్, అస్ట్యూట్, ప్రూడెంట్, సేగేషస్, క్యానీ, కన్నింగ్ అన్న మాటలు ఒకే వరసలో కనిపిస్తాయి. మొదటి ఐదింటికీ ఎదురుగా ‘తెలివైన’ అనీ, చివరిదానికి ‘జిత్తులమారి’ అనీ రాసి ఉంటుంది. పర్యాయపదాన్ని గుర్తించమనే ప్రశ్నకు అంతమాత్రం చాలు. వాక్యంలో ఖాళీ పూరించమన్నప్పుడు మాత్రం ఐదూ ఒకేలా కనిపించి చెయ్యి ఆగిపోతుంది. ఇంగ్లిష్ పత్రికలో ‘క్యానీ ఇన్వెస్టర్’ అని చదివినప్పుడు, క్రికెట్ వ్యాఖ్యాత ఒక స్పిన్నర్‌ను ‘క్యానీ బౌలర్’ అన్నప్పుడు అది మెప్పో దెప్పో తేలదు. ‘అన్‌క్యానీ’ ఎదురైతే ‘తెలివిలేని’ అని అర్థం చెప్పుకుని ముందుకు పోయే ప్రమాదమూ ఉంది.

ఈ తికమకకు కారణం విద్యార్థి అశ్రద్ధ కాదు. తెలివి అనేది తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఒక్కటిగా లేదు. ఎవరికోసం వాడిన తెలివి, ఎంత జాగ్రత్తగా వాడిన తెలివి, దానివల్ల ఎవరు నష్టపోయారు అన్నదాన్ని బట్టి ప్రతి భాషా వేర్వేరు మాటలు తయారుచేసుకుంది. ఆ గీతలు రెండు భాషల్లో ఒకేచోట పడలేదు.

సుమతి ముందుచూపు, కాలమతి నేర్పు

పంచతంత్రంలోని మూడు చేపల కథ తెలుగు పిల్లలందరికీ తెలిసిందే. జాలరులు రేపు వస్తారని తెలియగానే సుమతి చెరువు వదిలి వెళ్ళిపోతుంది. కాలమతి ఉండిపోయి, వలలో పడ్డాక చచ్చినట్టు నటించి, అదను చూసి నీళ్ళలోకి దూకుతుంది. మందమతి దొరికిపోతుంది.

ఇంగ్లిష్ మాటల తేడా చెప్పడానికి ఈ కథను మించిన కొలబద్ద లేదు. సుమతి ప్రూడెంట్. ఆ మాట లాటిన్‌లో ‘ముందుగా చూసే’ అన్న అర్థమున్న పదం కుదించుకుపోగా ఏర్పడింది. అంటే మన ‘ముందుచూపు’కు అది దాదాపు అక్షరానువాదం. కాలమతి ష్రూడ్. ఎదుటివాడి ఆలోచన కనిపెట్టి, ఆ క్షణానికి తగ్గ ఎత్తు వేయగలిగిన చురుకు అందులో ఉంది. క్యానీ అనిపించుకోవాలంటే సుమతికుండే జాగ్రత్త, కాలమతికుండే నేర్పు రెండూ కావాలి. దానికి తోడు చడీచప్పుడూ లేకుండా, అవసరానికి మించి ఒక్క రూపాయి గానీ ఒక్క మాట గానీ ఖర్చుచేయకుండా పని ముగించే గుణం కూడా ఉండాలి.

పలాస–కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారాన్నే ఉదాహరణగా తీసుకుంటే తేడా కళ్ళకు కడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు తోటల్లో జీడిపిక్కలు వేసవిలో దిగుతాయి. ఏడాది పొడుగునా పని నడవాలంటే ఆ పంట ఒక్కటే చాలదు కాబట్టి ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కల మీద కూడా ఆధారపడాలి. ఒక వ్యాపారి చేతిలో ఉన్న డబ్బు చూసుకుని, అప్పు చేయకుండా, కొనగలిగినంతే కొంటాడు. అతను ప్రూడెంట్. మరొకడు ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న రైతును పసిగట్టి, అతని అవసరం కనిపెట్టి ధర తగ్గిస్తాడు. అతను ష్రూడ్. మూడోవాడు నాలుగు పిక్కలు కోయించి పప్పు ఎంత దిగుతుందో చూసుకుంటాడు. సగం సరుకు ఇప్పుడు కొని, దిగుమతి సరుకు వచ్చేదాకా మిగతా సగం ఆపుతాడు. ఆ సంగతి బయటికి పొక్కనివ్వడు. వచ్చే వేసవిలో మళ్ళీ అదే రైతు గుమ్మం తొక్కాలన్న స్పృహతో బేరాన్ని తెగేదాకా లాగడు. ఇంగ్లిష్‌వాళ్ళు క్యానీ అనేది ఈ మూడోవాణ్ణి.

‘నొప్పింపక తానొవ్వక’ తప్పించుకు తిరిగేవాడు ధన్యుడని సుమతీ శతకం చెప్పిన మనిషికి ఈ మూడో వ్యాపారి దగ్గరి చుట్టం. అయితే శతకం చెప్పింది మాటల నేర్పు గురించి. క్యానీలో మాటలకన్నా లెక్క ఎక్కువ. డబ్బు, బేరం, పెట్టుబడి, ఆటలో ఎత్తుగడ వంటి సందర్భాల్లోనే అది తరచు కనిపించడానికి కారణం అదే.

తెలియడం నుంచి పుట్టిన మాట

క్యానీలో మొదట ఉన్న ‘క్యాన్’ ఇవాళ ‘చేయగలను’ అనడానికి వాడే సహాయక క్రియే. పాత ఇంగ్లిష్‌లో దాని అసలు అర్థం ‘ఎరుగుదును’. ఎలా చేయాలో ఎరిగినవాడే చేయగలడు కనుక ఎరుక కాస్తా చేతనైంది. తెలుగువాళ్ళకు ఈ మార్పు వింతగా తోచనక్కర్లేదు. ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు ‘వచ్చు’ తెలియడాన్నీ చేయగలగడాన్నీ కలిపే చెబుతుంది. అదే మాట ‘వెళ్ళవచ్చు’లో వీలునూ అనుమతినీ చెబుతుంది. స్కాట్లాండ్‌లో ‘తెలుసు’ అనడానికి నేటికీ ‘కెన్’ అంటారు. అదీ ఈ కుటుంబంలోదే.

ఈ వేరును ఇంకా కిందికి తవ్వితే సంస్కృతంలోని ‘జ్ఞా’ ధాతువు తగులుతుంది. ఇంగ్లిష్ ‘నో’, ‘క్యాన్’, సంస్కృత ‘జ్ఞానం’ ఒకే ఇండో–యూరోపియన్ మూలం నుంచి చీలినవని భాషాశాస్త్రం ఎప్పుడో నిర్ధారించింది. తెలుగు ద్రావిడ భాష. ఆ కుటుంబంతో దానికి పుట్టుక సంబంధం లేదు. అయినా ఆ వేరు నుంచి ఒక మాట ప్రాకృతం మీదుగా మన వాకిట్లోకి వచ్చి స్థిరపడింది. అది ‘జాణ’. ఎరిగినవాడు, నేర్పరి అని దాని అర్థం. అంటే స్కాట్లాండ్ క్యానీకి, తెలుగు జాణకు ఎక్కడో ఒకే ముత్తవ్వ ఉంది.

జాణ పట్టిన దారి కూడా గమనించదగింది. పాత కవిత్వంలో ఆడమగ తేడా లేకుండా నేర్పరులను, రసజ్ఞులను ఆ మాటతో మెచ్చుకున్నారు. ఇప్పుడది దాదాపుగా ఆడవాళ్ళ గురించే వాడే మాట అయింది. అందులో మెప్పుతో పాటు ‘మాటలతో పడేస్తుంది, జాగ్రత్త’ అన్న హెచ్చరిక కూడా చేరింది. తెలివికి మొదట గౌరవం దక్కడం, తర్వాత అనుమానం అంటడం ఒక్క తెలుగులోనే జరిగింది కాదు.

కన్నింగ్ చెడింది, క్యానీ నిలిచింది

కన్నింగ్, క్యానీ రెండూ ఒకే క్రియకు పుట్టిన బిడ్డలు. మధ్యయుగాల ఇంగ్లిష్‌లో కన్నింగ్ అంటే పాండిత్యం, చేతిపని నైపుణ్యం. పల్లెల్లో మందూమాకూ, మంత్రం తెలిసినవాళ్ళను ‘కన్నింగ్’ మనుషులనే పిలిచేవారు. రానురాను ఆ మాట మోసానికి దగ్గరై, ఇవాళ నక్క పక్కన తప్ప నిలవలేని స్థితికి వచ్చింది. ష్రూడ్ సరిగ్గా దీనికి ఎదురు దారిలో నడిచింది. మొదట దాని అర్థం దుష్ట, దుర్మార్గ. తర్వాత జిత్తులమారి. ఆపైన చురుకైన, లోతుగా చూడగల అన్న మంచి అర్థానికి ఎదిగింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? తెలివితేటలను వర్ణించే మాటకు విలువ కట్టేది ఆ తెలివి ఉన్నవాడు కాదు, దాన్ని ఎదుర్కొన్నవాడు. బేరంలో గెలిచినవాడు తన పనిని నేర్పంటాడు. ఓడినవాడు జిత్తులంటాడు. ఒక మాట ఓడినవాళ్ళ నోట ఎక్కువగా నలిగితే చెడ్డ అర్థం దానికి అతుక్కుపోతుంది. గెలిచినవాళ్ళను చూసి నేర్చుకోవాలనుకునేవాళ్ళు వాడితే మంచి అర్థం మిగులుతుంది. వ్యాపారం, వాటాల మార్కెట్ పెరిగిన సమాజంలో ష్రూడ్‌కు మర్యాద పెరగడంలో ఆశ్చర్యం లేదు.

క్యానీ విషయంలో మరో సంగతి కూడా పనిచేసింది. ఒకే అర్థంతో పుట్టిన రెండు మాటలు ఒక భాషలో ఎక్కువకాలం జంటగా మనలేవు. అవి పని పంచుకుంటాయి. ఎదుటివాడిని బోల్తా కొట్టించే తెలివి కన్నింగ్ వాటాకు పోయింది. తనను తాను కాచుకునే తెలివి క్యానీకి దక్కింది. స్కాట్లాండ్‌లో అది ‘జాగ్రత్తగా’, ‘నెమ్మదిగా’, ‘మెత్తగా’, ‘క్షేమంగా’ అన్న అర్థాల వైపు కొమ్మలు వేసింది. అక్కడ మంత్రసానిని ‘క్యానీ వైఫ్’ అన్నారు. ఏ క్షణంలో ఏం చేయాలో ఎరిగిన, చెయ్యి తొందరపడని మనిషి కావాలి ఆ పనికి. ఆ మాటలోని అసలు సారం ఆ పిలుపులో కనిపించినంత స్పష్టంగా నిఘంటువు నిర్వచనంలో కనిపించదు.

తెలుగులో ఇదే ఒరవడిలో నలిగిన మాట లౌక్యం. లోకం నుంచి పుట్టింది. లోకవ్యవహారం తెలిసి ఉండడం దాని మూలార్థం. వైదికవృత్తిలో ఉన్నవారికి భిన్నంగా ఉద్యోగాలూ వ్యవహారాలూ చూసుకునేవారిని లౌక్యులనేవారు. ఆ రోజుల్లో అందులో తప్పుపట్టే ధ్వని లేదు. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటికి లౌక్యం రంగు మారింది. అందులో తన లౌక్యం గురించి గొప్పలు చెప్పుకునే రామప్పంతులు అడుగడుగునా మోసపోతాడు. ఆ మాటను అంతగా జపించని మధురవాణి మాత్రం ఎవరితో ఎంతవరకు వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో ఎరిగి మసలుతుంది. ఇంగ్లిష్ లేబుళ్ళు అంటించాలంటే పంతులు కన్నింగ్, మధురవాణి క్యానీ. తెలుగులో ఇద్దరిదీ లౌక్యమే అంటారు. అనువాదకుడికి ఎదురయ్యే ఇబ్బంది అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఉత్తరాది నోట మరో అర్థం

క్యానీ పుట్టింది లండన్‌లో కాదు. స్కాట్లాండ్‌లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఇంగ్లండ్ ఈశాన్య జిల్లాల్లోనూ పెరిగింది. 19వ శతాబ్దం మొదట్లో వాల్టర్ స్కాట్ నవలల వంటివాటి వల్ల స్కాట్లాండ్ మాటలెన్నో దక్షిణాది పాఠకులకు పరిచయమయ్యాయి. ఇంగ్లండ్‌వాళ్ళ దృష్టిలో స్కాట్‌లు, అంటే స్కాట్లాండ్ జనం, పైసా పైసా లెక్కపెట్టే పొదుపరులు. ‘క్యానీ స్కాట్’ అన్న జంటపదంలో మెచ్చుకోలు ఎంతుందో, చిన్నచూపు కూడా అంతే ఉంది. కనుక ఇవాళ ఒక జాతిని మొత్తంగా క్యానీ అనడం పాతకాలపు ముద్ర వేయడమే అవుతుంది. ఒక మనిషి చేసిన పనినో, ఒక నిర్ణయాన్నో అనడంలో ఆ ఇబ్బంది లేదు.

న్యూకాజిల్ చుట్టుపక్కల మాత్రం ఈ మాట పూర్తిగా మారిపోతుంది. అక్కడ క్యానీ అంటే మంచి, ఇష్టమైన, ముచ్చటైన. ‘క్యానీ గుడ్’ అంటే ‘బాగానే ఉంది’. డబ్బు లెక్కలూ ఎత్తుగడలూ ఆ వాడుకలో లేవు. లండన్ పత్రిక చదివి అలవాటైన మనిషి న్యూకాజిల్ వీధిలో తనను క్యానీ అన్నారని నొచ్చుకుంటే పొరపాటు అతనిదే.

ఉత్తరాంధ్ర పాఠకులకు ఈ పరిస్థితి చేదుగా తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ‘గుంట’ అంటే ఆడపిల్ల, ‘గుంటడు’ అంటే మగపిల్లాడు. ఇంట్లో ముద్దుగా పిలుచుకునే మాటలవి. గోదావరి దాటాక గుంట అంటే గొయ్యి. అక్కడివాళ్ళు ఆ పిలుపు విని నవ్వడం ఈ జిల్లాల నుంచి వలస వెళ్ళినవాళ్ళకు కొత్త కాదు. జనం నోట ఉన్న మాటకు పుస్తకభాషతో సమానమైన గౌరవం ఉండాలని జీవితాంతం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863లో పుట్టింది ఈ శ్రీకాకుళం ప్రాంతంలోనే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఒక ప్రాంతపు అర్థం ఒప్పు, మరో ప్రాంతపు అర్థం తప్పు అనే తీర్పు భాషలో చెల్లదని క్యానీ కూడా గుర్తుచేస్తుంది.

స్కాట్లాండ్ వాడుకలో ఇంకో పలుకుబడి ఉంది. ‘కా క్యానీ’ అంటే ‘చూసుకుని, నెమ్మదిగా నడిపించు’. 1889లో గ్లాస్గో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేసి ఓడిపోయారు. వారి స్థానంలో యజమానులు పని తెలియని పొలం కూలీలను పెట్టుకుని, వాళ్ళ పని బాగానే ఉందన్నారు. పాత కూలీలు తిరిగి పనిలో చేరి, ఆ పొలం కూలీలు చేసినంత నెమ్మదిగానే చేయడం మొదలుపెట్టారని, చివరికి అడిగిన కూలి సాధించారని కార్మికోద్యమ చరిత్రలో చెబుతారు. అప్పటినుంచి ఆ పలుకుబడి ‘గో స్లో’ పద్ధతికి పేరైంది. జనపనార మిల్లుల జిల్లా విజయనగరంలో ఈ కథకు వివరణ అక్కర్లేదు. జాగ్రత్త అనే గుణం పేదవాడి చేతిలో ఆయుధం కూడా కాగలదు.

‘అన్‌క్యానీ’ ఎందుకు తికమక పెడుతుంది

‘అన్’ చేర్చగానే అర్థం తిరగబడుతుందని బడిలో నేర్చుకున్న సూత్రం ఇక్కడ పనిచేయదు. ఒకప్పుడు అన్‌క్యానీకి అజాగ్రత్త, నమ్మదగని అన్న అర్థాలు ఉండేవి. క్యానీకి స్కాట్లాండ్‌లో ‘క్షేమమైన’ అన్న అర్థం ఉంది కనుక, అన్‌క్యానీ ‘దగ్గరికి పోతే క్షేమం కాని’దైంది. అక్కడి నుంచి దయ్యాలూ చేతబడులూ ఉన్న చోటుకు అది ఒక్క అడుగు. 18వ శతాబ్దం నాటికి మానవాతీతమైన, ఒళ్ళు జలదరించే అన్న అర్థం స్థిరపడింది. తర్వాత క్యానీ బజారుకు పోయింది, అన్‌క్యానీ శ్మశానం వైపు పోయింది. ఇప్పుడు ఆ రెంటినీ కలిపే దారం మామూలు చదువరికి కనిపించదు.

మనోవిశ్లేషణ శాస్త్రానికి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1919లో జర్మన్‌లో రాసిన ఒక వ్యాసం ఇంగ్లిష్‌లో ‘ది అన్‌క్యానీ’ పేరుతో ప్రసిద్ధమైంది. బాగా తెలిసినదే తెలియనిదిగా మారి కలిగించే భయం గురించినది అది. 1970లో జపాన్ శాస్త్రవేత్త మసాహిరో మోరి రోబోల గురించి ఒక గమనింపు చేశాడు. బొమ్మ మనిషిని పోలేకొద్దీ మనకు దగ్గరవుతుంది. పోలిక దాదాపు పూర్తయ్యే చోట మాత్రం ఉన్నట్టుండి రోత, గుబులు పుడతాయి. ఆ పడిపోయే చోటును ఇంగ్లిష్‌లో ‘అన్‌క్యానీ వ్యాలీ’ అన్నారు. కృత్రిమ మేధ తయారుచేసిన ముఖాలు ఫోన్లలో తిరుగుతున్న ఈ రోజుల్లో ఆ మాట వార్తల్లో తరచు వస్తోంది.

తెలుగులో దీనికి సందర్భాన్ని బట్టి మాట మార్చుకోక తప్పదు. ‘అన్‌క్యానీ’ పోలిక అంటే ‘అచ్చు గుద్దినట్టున్న’ పోలిక. ‘అన్‌క్యానీ’ నిశ్శబ్దం అంటే ‘గుబులు పుట్టించే’ నిశ్శబ్దం. ‘అంతుపట్టని’ అన్నది చాలాచోట్ల ఆదుకుంటుంది.

తెలుగు వాక్యంలో ఎలా దించాలి

అనువాదంలో ముందు తేల్చుకోవలసింది, చెబుతున్నవాడు ఎవరి పక్షాన నిలబడ్డాడన్నది. మెచ్చుకుంటూ చెబుతుంటే ‘ముందుచూపున్న’, ‘ఆచితూచి అడుగేసే’, ‘లెక్క తెలిసిన’ అన్నవి కుదురుతాయి. అయిష్టంగా మెచ్చుకుంటుంటే ‘గడుసు’ బాగా అతుకుతుంది. గడుసులో గట్టిదనం ఉంది, లొంగనితనం ఉంది. అయితే అందులో పొదుపు ధ్వని లేదు. రాజకీయ నాయకుడి గురించైతే ‘లౌక్యం తెలిసిన’ సరిపోతుంది. క్రికెట్‌లో ‘క్యానీ బౌలర్’కు ‘బ్యాటర్ నాడి పట్టి వేసే బౌలర్’ అన్న వివరణే ‘తెలివైన బౌలర్’ కన్నా మేలు. వేగం లేకపోయినా ఎక్కడ ఎలా వేయాలో తెలిసినవాడన్న సూచన లేకపోతే ఆ పొగడ్త సగమే అందుతుంది. ‘జిత్తులమారి’, ‘టక్కరి’ మాత్రం ఎప్పుడూ పనికిరావు. అవి కన్నింగ్ వాటా.

‘పిసినారి’ అన్న అర్థం తీయడం కూడా పొరపాటే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అలాంటి దెబ్బ తర్వాత మళ్ళీ తోట వేయదలచిన రైతును ఊహించుకోవచ్చు. పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. భయపడి అసలు మొక్కే నాటనివాడు పిసినారి కావచ్చు, పిరికివాడు కావచ్చు. అతను క్యానీ మాత్రం కాడు. కొంత నేలలో కొబ్బరి పెట్టి, కొంత జీడికి వదిలి, మొక్కలు ఎదిగేదాకా నడుమ అంతరపంట వేసుకుని, ఏ ఏడాదికి ఆ ఏడాది కాస్త రాబడి చూసుకునేవాడికి ఆ మాట సరిపోతుంది. ఖర్చు చేయకపోవడంలో కాదు, ఏది ఎప్పుడు ఖర్చు చేయాలో ఎరగడంలో ఉంది ఆ గుణం. ‘క్యానీ ఇన్వెస్టర్’ను ‘గుట్టుగా, లెక్క చూసుకుని పెట్టుబడి పెట్టేవాడు’ అని విడమరచి చెప్పడమే మంచిది. ఒక్క మాటను నాలుగు మాటల్లో చెప్పడం అనువాదకుడి చేతకానితనం కాదు.

ఇక న్యూకాజిల్ తల్లి కొడుకును చూసి ‘క్యానీ ల్యాడ్’ అంటే పైన చెప్పిన తెలుగు మాటల్లో ఏదీ పనికిరాదు. ముందుచూపూ లేదు, లౌక్యమూ లేదు. శ్రీకాకుళంలో అయితే ఆ తల్లి నోట వచ్చే మాట ‘మా గుంటడు మంచోడు’.